పెళ్లి ఆల్బమ్‌లో ఎరుపు ఎందుకు వెలిసిపోతోంది? మానిటర్ క్యాలిబ్రేషన్, ప్రొఫైళ్ల మీద సాయం కావాలి

ఓరుగల్లు_ఫ్రేమ్స్ · హన్మకొండ

అందరికి నమస్తే. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్త. ఈ మధ్యనే 27 అంగుళాల కొత్త మానిటర్ తీసుకున్న, డబ్బా మీద 95 శాతం డీసీఐ-పీ3 (మామూలు తెరల కంటె పెద్ద రంగుల పరిధి) అని రాసి ఉన్నది. పాత 24 అంగుళాలది పక్కనే ఉంచిన, ప్యానెల్స్ అన్నీ దాని మీద పెట్టుకుంట. విండోస్ 11, ఫొటోషాప్.

కొత్తది వచ్చినప్పటి నుంచి ల్యాబ్‌ల అచ్చు వేయించే కరిజ్మా షీట్లు (ఆల్బమ్ పేజీలు) తేడా కొడుతున్నయి. ఒకటి, అన్నీ చీకటిగ వస్తున్నయి. మంటపం వెనుక పూల డెకరేషన్ స్క్రీన్ మీద మంచిగ కనబడుతది, షీట్‌ల సగం నల్లగ కలిసిపోతది. రెండోది ఎరుపు. పెళ్లికూతురు ఎర్ర పట్టుచీర ఇక్కడ నిండుగ ఉంటది, అచ్చులకొచ్చేసరికి ఇటుకరంగు అయితది. కుంకుమ, పారాణి అంతే. ల్యాబ్‌వాళ్లను అడిగితే మా మిషన్ సక్కగనే ఉన్నది, మీ మానిటర్ చూసుకోండ్రి అన్నరు.

ఇంకో సంగతి. కెమెరా జేపెగ్‌ను ముట్టుకోకుండ స్లైడ్‌షో సాఫ్ట్‌వేర్‌ల తెరిస్తే కొత్త మానిటర్ మీద మొహాలు ఎర్రగ కందిపోయినట్టు ఉంటయి. అదే ఫొటో ఫొటోషాప్‌ల తెరిచి సేవ్ చేసి మళ్ల అదే స్లైడ్‌షోల చూస్తే మంచిగైతది. గాని ఆ ఫైల్‌నే పాత మానిటర్ మీదికి జరిపితే వెలిసిపోయినట్టు కనబడుతది.

మానిటర్ కంపెనీ ఇచ్చిన ఐసీసీ ప్రొఫైల్ (మానిటర్ రంగుల వివరం ఉండే ఫైల్) ఇన్‌స్టాల్ అయ్యే ఉన్నది. క్యాలిబ్రేషన్ పరికరం కొనాల్నా? కొంటే ఇది పోతదా?

బెజవాడ_రీటచ్ · విజయవాడ

ఫ్రేమ్స్ గారూ, "ఇంకో సంగతి" అని చివర్లో రాశారే, అసలు జవాబు అందులోనే ఉందనిపిస్తోంది. పరికరం మాట తర్వాత చూద్దాం. ఫొటోషాప్‌లో ఎడిట్ మెనూ కింద కలర్ సెట్టింగ్స్ తెరవండి. వర్కింగ్ స్పేసెస్‌లో (ఫొటోషాప్ ఏ రంగుల లెక్కలో పని చేయాలో చెప్పే చోటు) ఆర్‌జీబీ దగ్గర ఏముంది? పాలసీల దగ్గర ఏముంది? మానిటర్ బ్రైట్‌నెస్ ఎంత, గదిలో లైటు ఎలాంటిది?

ఓరుగల్లు_ఫ్రేమ్స్ · హన్మకొండ

ఆర్‌జీబీ దగ్గర "మానిటర్ ఆర్‌జీబీ" అని ఉండి పక్కన మానిటర్ మోడల్ నంబర్ ఉన్నది. పాలసీ "కన్వర్ట్ టు వర్కింగ్ ఆర్‌జీబీ". సిస్టమ్ అమర్చినాయన అట్ల పెట్టి ఇచ్చిండు. బ్రైట్‌నెస్ 100, డబ్బాలకెల్లి తీసినప్పుడు ఉన్నదే. రెండు ట్యూబ్‌లైట్లు, కిటికీకి కర్టెన్.

బెజవాడ_రీటచ్ · విజయవాడ

అదేనండీ. రెండు జబ్బులు విడివిడిగా ఉన్నాయి, రెంటికీ పరికరం అక్కర్లేని మందే ముందు వెయ్యాలి.

ఎరుపు సంగతి చూడండి. మీ కెమెరా ఇచ్చేది ఎస్‌ఆర్‌జీబీ (మామూలుగా అంతటా వాడే రంగుల పరిధి) ఫైలు. అందులో నిండు ఎరుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు 255, 0, 0. మీ మానిటర్‌ది పీ3కి దగ్గర ఎరుపు, ఎస్‌ఆర్‌జీబీ ఎరుపు కంటే ఇంకా గాఢమైనది. రంగుల లెక్క తెలియని స్లైడ్‌షో సాఫ్ట్‌వేర్ ఆ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టే తెరకి పంపేస్తుంది, అందుకే మొహాలు కందినట్టు కనబడతాయి. ఫొటోషాప్‌కి మీ సెట్టింగ్ ప్రకారం ఏం చెప్పారంటే, తెరిచిన ప్రతి ఫైల్నీ నా మానిటర్ భాషలోకి మార్చేయమని. అది మార్చేసింది. అదే ఎరుపుని డిస్‌ప్లే పీ3 అంకెల్లో రాస్తే దాదాపు 234, 51, 35 అవుతుంది. మీ మానిటర్ మీద ఆ అంకెలు సరైన ఎరుపునే చూపిస్తాయి, స్లైడ్‌షోలో కూడా. కాబట్టి మీ టేబుల్ దగ్గర అంతా కలిసిపోయి, తప్పు లేనట్టే కనబడుతుంది.

ఇప్పుడా ఫైలు ల్యాబ్‌కి వెళ్లింది. ఆల్బమ్ ల్యాబ్‌లలో చాలాచోట్ల వచ్చిన ప్రతి ఫైల్నీ ఎస్‌ఆర్‌జీబీ అనుకునే తీసుకుంటారు, లోపల అంటించిన ప్రొఫైల్ చూడరు. 234, 51, 35ని ఎస్‌ఆర్‌జీబీగా చదివితే వచ్చేది మీరు చెప్పిన ఇటుకరంగే. మీ పాత మానిటర్ మీద వెలిసిపోయింది కూడా ఇందుకే.

చేయాల్సింది: వర్కింగ్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. పాలసీని "ప్రిజర్వ్ ఎంబెడెడ్ ప్రొఫైల్స్"లో పెట్టండి. మానిటర్ ప్రొఫైల్ విండోస్ దగ్గర ఉంటే చాలు, ఫొటోషాప్ దాన్ని తనే తీసుకుంటుంది. వర్కింగ్ స్పేస్‌లో దానికి పని లేదు.

చీకటి సంగతికి కారణం ఆ 100. ఈ రోజుల్లో మానిటర్లు పూర్తి బ్రైట్‌నెస్‌లో 300, 350 క్యాండెలాల (చదరపు మీటరుకి, తెర వెలుగు కొలత) వరకు ఇస్తాయి. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం రాసుకున్నది 80కి. ప్రింట్ పని చేసేవాళ్లు మామూలుగా 80 నుంచి 120 మధ్య పెట్టుకుంటారు. అంత వెలుగులో మీకు నీడలన్నీ విడివిడిగా కనబడుతున్నాయి కాబట్టి ఫొటోని ముదురుగానే వదిలేస్తున్నారు. కాగితం దగ్గర సొంత వెలుగు లేదు కదా.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ · హన్మకొండ

ఇంత సక్కగ ఎవ్వరు చెప్పలే అన్నా. మరి ఇప్పటికే చేసి పెట్టుకున్న పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్లు), డెలివరీ కావాల్సిన షీట్లు ఉన్నయి. వాటినేం చెయ్యాలె?

బెజవాడ_రీటచ్ · విజయవాడ

ఫైల్లో ప్రొఫైల్ అంటించి ఉంటే పని తేలిక. ఎడిట్ మెనూలో "కన్వర్ట్ టు ప్రొఫైల్" తీసుకుని ఎస్‌ఆర్‌జీబీ ఇవ్వండి, ఇంటెంట్ రిలేటివ్ కలరిమెట్రిక్, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ టిక్ ఉంచండి. దాని పైనే ఉన్న "అసైన్ ప్రొఫైల్" నొక్కకండి. అది అంకెల్ని అలాగే ఉంచి అర్థం మార్చేస్తుంది, కన్వర్ట్ అయితే రంగుని కాపాడి అంకెలు మారుస్తుంది. సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్ టిక్ తీసేసిన ఫైళ్లుంటే మాత్రం వరుస వేరు: ముందు మీ మానిటర్ ప్రొఫైల్ అసైన్ చేయాలి, ఆ తర్వాత ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయాలి. ఎక్కువ ఫైళ్లుంటే యాక్షన్ రికార్డ్ చేసి బ్యాచ్‌లో వదిలేయండి.

ఒక్క జాగ్రత్త, కొత్త మానిటర్‌కి ఇప్పుడున్న కంపెనీ ప్రొఫైల్ ఫైల్ని అప్పుడే తీసేయకండి. ప్రొఫైల్ అంటించని ఆ ఫైళ్లకి అదే తాళంచెవి.

గోదారి_క్లిక్స్ · రాజమహేంద్రవరం

నాదో మాట. మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటుంది కదండీ, అది పెట్టేసుకుంటే ఈ గోలంతా ఎందుకు? ల్యాబ్‌కి ఎస్‌ఆర్‌జీబీయే కావాలి, ఫోన్‌లో చూసే జనం కూడా దాదాపు అంతే. నేను ఏ పరికరం లేకుండా ఆ మోడ్‌లోనే చేస్తున్నాను, ఆల్బమ్‌లు బాగానే వస్తున్నాయి.

కెర్నల్_తెలుగు · డల్లాస్

గోదారి గారి మాటలో నిజం ఉంది, ముఖ్యంగా స్లైడ్‌షో సాఫ్ట్‌వేర్ లాంటి ప్రోగ్రామ్‌లకి. మానిటరే తన రంగుల్ని ఎస్‌ఆర్‌జీబీకి కుదించుకుంటే ఆ ప్రోగ్రామ్‌కి ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదు. కానీ మూడు చిక్కులున్నాయి. చాలా మానిటర్లలో ఆ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్, రంగుల గెయిన్ కంట్రోళ్లు లాక్ అయిపోతాయి. కొన్నిట్లో ఆ లాక్ 200 క్యాండెలాల పైనే పడుతుంది, ప్రింట్ పనికి అది ఎక్కువ. రెండోది, మోడ్ మార్చాక విండోస్‌లో ప్రొఫైల్ కూడా మార్చాలి. మానిటర్ ఎస్‌ఆర్‌జీబీలో ఉండి, విండోస్ మాత్రం పీ3 ప్రొఫైల్ పట్టుకుని ఉంటే ఫొటోషాప్ ఇంకోసారి కుదిస్తుంది, అప్పుడు అంతా పాలిపోయి కనబడుతుంది. మూడోది, ఫ్యాక్టరీలో సరిచేసిన మోడ్ అయినా బ్యాక్‌లైట్ వయసు పెరిగే కొద్దీ తెలుపు పక్కకి జరుగుతుంది. అది కొలిస్తేగానీ తెలియదు.

ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లకి "నోవీడియో ఎస్‌ఆర్‌జీబీ" అనే ఉచిత టూల్ ఉంది. కార్డు దగ్గరే రంగుల్ని కుదిస్తుంది, బ్రైట్‌నెస్ లాక్ పడదు. ఏఎండీ డ్రైవర్‌లో ఇలాంటి సౌకర్యం లోపలే ఉంది. విండోస్ 11లో ఆటో కలర్ మేనేజ్‌మెంట్ కూడా వచ్చింది, రంగుల లెక్క తెలియని ప్రోగ్రామ్‌లని అదే ఎస్‌ఆర్‌జీబీగా చూస్తుంది. అది ఆన్ చేసినప్పుడు ఫొటోషాప్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో కాంపాటిబిలిటీ ట్యాబ్ కింద లెగసీ ఐసీసీ అన్న టిక్ ఒకటి ఉంటుంది, దాన్ని చూసుకోండి.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ · హన్మకొండ

ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టి చూసిన. బ్రైట్‌నెస్ నిజంగనే లాక్ అయింది. పరికరం దోస్తు దగ్గర ఉన్నది, ఐ1 డిస్‌ప్లే ప్రో. తెచ్చుకుంట. ఎట్ల చెయ్యాల్నో వరుసగ చెప్పుండ్రి. నెట్ల మా మోడల్‌కు ఐసీసీ ఫైల్ ఒకటి దొరికింది, రివ్యూ చేసినోళ్లు పెట్టిండ్రు. అది వేసుకోవచ్చునా?

కెర్నల్_తెలుగు · డల్లాస్

వేరేవాళ్ల ఫైల్ వద్దు. ఎందుకో చెప్తాను, ఇది తెలిస్తే మిగతా వరుసంతా దానంతటదే అర్థమవుతుంది.

క్యాలిబ్రేషన్ తర్వాత వచ్చే ఐసీసీ ఫైల్లో రెండు భాగాలుంటాయి. ఒకటి వీసీజీటీ అనే చిన్న పట్టిక. లాగిన్ అయినప్పుడు అది గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కుతుంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటి వంపుల్ని సరిచేసి బూడిదరంగు నిజంగా బూడిదగా కనబడేట్టు చేస్తుంది. ఇది తెర మీద ఉన్న ప్రతి ప్రోగ్రామ్‌కీ వర్తిస్తుంది. రెండో భాగం మానిటర్ గురించిన వివరం: దీని ఎరుపు ఇక్కడ, ఆకుపచ్చ ఇక్కడ, తెలుపు ఇక్కడ అని. ఇది దేన్నీ మార్చదు. ఫొటోషాప్, లైట్‌రూమ్, బ్రౌజర్ల లాంటివి దాన్ని చదివి తమ అంకెల్ని తామే మార్చుకుంటాయి. చదవని స్లైడ్‌షోకి అది ఉన్నా లేనట్టే. అందుకని పరికరంతో ఎంత బాగా చేసినా స్లైడ్‌షోలో మొహాలు ఎర్రగానే ఉంటాయి, ఫ్రేమ్స్ గారు అది చూసి కంగారు పడొద్దు.

రివ్యూ చేసినవాళ్ల ఫైల్లోని వీసీజీటీ వాళ్ల ప్యానెల్‌ని, వాళ్ల ఓఎస్‌డీ (మానిటర్ సొంత మెనూ) సెట్టింగ్‌లతో కొలిచినది. అదే మోడల్లో మీకొచ్చిన ప్యానెల్ ఆకుపచ్చ వైపు ఒరిగి ఉంటే, ఆ ఫైలు దాన్ని ఇంకాస్త ఒరిగించవచ్చు.

వరుస ఇది. మానిటర్ వేసి అరగంట వేడెక్కనివ్వండి. డైనమిక్ కాంట్రాస్ట్, లో బ్లూ లైట్, ఐ కేర్ లాంటివన్నీ ఆపేయండి. విండోస్ నైట్ లైట్ కూడా, అది గ్రాఫిక్స్ కార్డులోని అదే పట్టికతో ఆడుకుంటుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ అయితే గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్‌లో అవుట్‌పుట్ రేంజ్ ఫుల్ అని ఉందా చూడండి. లిమిటెడ్ అంటే 16 నుంచి 235 వరకే వెళ్తుంది, నలుపు బూడిదగా మారుతుంది, ఏ ప్రొఫైలూ దాన్ని బాగు చేయలేదు. చీకటి ఆల్బమ్‌ల ఫిర్యాదులు విన్నప్పుడల్లా నేను మొదట అడిగేది బ్రైట్‌నెస్, రెండోది ఇదే.

సాఫ్ట్‌వేర్‌గా డిస్‌ప్లేకాల్ వాడండి. లోపల కొలిచే ఇంజిన్ గ్రేమ్ గిల్ రాసిన ఆర్గిల్ సీఎంఎస్, రెండూ ఉచితమే. పాత డిస్‌ప్లేకాల్ పైథాన్ 2తో రాసింది, ఇప్పుడు పైథాన్ 3కి మార్చిన రూపం వేరేగా దొరుకుతుంది, అది తీసుకోండి. అందులో కరెక్షన్ అని ఒక గడి ఉంటుంది, జనం దాన్నే ఖాళీగా వదిలేస్తారు. మీలాంటి వైడ్ గామట్ (ఎక్కువ రంగులు చూపే) మానిటర్లలో చాలావరకు బ్యాక్‌లైట్‌లో పీఎఫ్ఎస్ అనే ఎర్ర ఫాస్ఫర్ ఉంటుంది. దాని ఎరుపు 630 నానోమీటర్ల దగ్గర సన్నటి ముల్లులా లేస్తుంది. కలరిమీటర్ (మీ ఐ1 లాంటి కొలిచే పరికరం) ఫిల్టర్లు మనిషి కంటితో సరిగ్గా సరిపోలవు కాబట్టి, ఏ రకం వెలుగుని కొలుస్తున్నామో దానికి చెప్పాలి. చెప్పేది సీసీఎస్ఎస్ ఫైలు. మీ ప్యానెల్ రకానికి తగ్గది ఎంచుకోకపోతే తెలుపు గులాబీకో ఆకుపచ్చకో జరిగిపోయి, కొలత మాత్రం అంతా బాగుందని చెప్తుంది.

లక్ష్యాలు: వైట్ పాయింట్ (తెలుపు ఛాయ) డీ65 అంటే 6500 కెల్విన్ దగ్గరి పగటి తెలుపు, గామా (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పెరిగే వంపు) 2.2, తెలుపు వెలుగు 100 నుంచి 120 క్యాండెలాలు. మొదట వచ్చే తెరలో ఓఎస్‌డీలో యూజర్ మోడ్ పెట్టి ఆర్, జీ, బీ గెయిన్లు, బ్రైట్‌నెస్ సర్దాలి. ఈ మెట్టు దాటేయకండి. ఇక్కడ ఎంత సర్దితే గ్రాఫిక్స్ కార్డు పట్టికకి అంత తక్కువ పని, ఆకాశం లాంటి నెమ్మది షేడ్లలో అంత తక్కువ చారలు. గెయిన్లు తగ్గించండి, పెంచకండి. కాంట్రాస్ట్ ముట్టుకోవద్దు. ప్రొఫైల్ రకం మంచి ఐపీఎస్ ప్యానెల్‌కి సింగిల్ కర్వ్ ప్లస్ మ్యాట్రిక్స్ చాలు.

చివర్లో వెరిఫై నడపండి. డెల్టా ఈ (కావాల్సిన రంగుకీ కొలిచిన రంగుకీ తేడా) సగటు 1 లోపు, ఎక్కువలో ఎక్కువ 3 లోపు ఉంటే హాయిగా పని చేసుకోవచ్చు. కొలిచిన పరికరమే మళ్లీ పరీక్షిస్తోందని మాత్రం గుర్తుంచుకోండి. కరెక్షన్ తప్పయితే ఈ పరీక్షలో బయటపడదు.

బెజవాడ_రీటచ్ · విజయవాడ

కెర్నల్ గారు రాసింది దాచుకోదగ్గ పోస్టు. దీనికి గదిని కలుపుతాను. మన స్టూడియోల్లో ఉండే కూల్ డేలైట్ ట్యూబులు 6500 కెల్విన్ దగ్గరే ఉంటాయి, డీ65 మానిటర్‌కి ఆ లెక్క కలుస్తుంది. కానీ మామూలు ట్యూబుల్లో ఎరుపు సరిగ్గా పలకదు. షీట్ చూసే చోట సీఆర్ఐ (లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటిన లైటు ఒకటి పెట్టుకోండి. ప్రింటింగ్ పరిశ్రమలో షీట్ చూడటానికి ఐఎస్ఓ 3664 ప్రమాణం చెప్పేది డీ50 (5000 కెల్విన్ దగ్గరిది) వెలుగు. మన ఆల్బమ్ పెళ్లివారింట్లో ట్యూబ్‌లైటు కింద విప్పుతారు కాబట్టి నేను 6500 దగ్గరే ఉండిపోయాను. లైటు మానిటర్ మీదా మీ కళ్లలోనూ పడకూడదు.

మగ్గం_మాట · మంగళగిరి

మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. నేను చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఫొటోలో నెమలికంఠం రంగు ఒకలా ఉంది, వచ్చిన చీర ఇంకోలా ఉందని తిరిగి పంపేస్తున్నారు. రాణీ రంగుది కూడా ఇదే గొడవ. నా ల్యాప్‌టాప్ క్యాలిబ్రేట్ చేయిస్తే తగ్గుతుందా?

బెజవాడ_రీటచ్ · విజయవాడ

మగ్గం గారూ, ముందు ల్యాప్‌టాప్ స్పెసిఫికేషన్ చూడండి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ ప్రమాణం రంగుల పరిధి) అని ఉంటే ఆ తెర ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండొంతులు కూడా సరిగ్గా చూపించదు. క్యాలిబ్రేషన్ లేని రంగుని పుట్టించలేదు. బయటి మానిటర్ ఒకటి, ఎస్‌ఆర్‌జీబీ పూర్తిగా చూపించేది, తీసుకుంటే చాలు. వైడ్ గామట్ మీకు అక్కర్లేదు.

నెమలికంఠం నిజంగానే కష్టమైన రంగు. ఎస్‌ఆర్‌జీబీ త్రికోణం సరిగ్గా ఆ నీలి ఆకుపచ్చల వైపే బాగా కురచ. పట్టుకి పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయితే చూసే కోణాన్ని బట్టి కూడా మారుతుంది. ఒకే ఫొటోతో దాన్ని పట్టుకోలేం. మీ చేతిలో ఉన్నది ఇదీ: ఒకే రకం లైటు కింద తీయండి, ఎండా ట్యూబ్‌లైటూ కలవనివ్వకండి. మొదటి ఫొటోలో గ్రే కార్డు గానీ 24 గళ్ల కలర్ చెకర్ గానీ పెట్టి, దాన్నిబట్టి ఆ వరుసంతా వైట్ బ్యాలెన్స్ చేయండి. ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్ అంటించి ఎక్కించండి. మడత మీద ఒకటి, విప్పి ఒకటి, పగటి వెలుగులో చిన్న వీడియో ఒకటి. కొనేవాళ్ల ఫోన్ వివిడ్ మోడ్‌లో ఉంటే మనం చేయగలిగింది లేదు, ఆ మాట చీర వివరాల్లో రాసేయడం మేలు.

డీఐ_గది · హైదరాబాద్

వీడియో చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. పైన చెప్పిన ఐసీసీ పద్ధతి మీ టైమ్‌లైన్‌కి అలాగే పనికిరాదు. విండోస్‌లో డావిన్సీ రిజాల్వ్ (వీడియో ఎడిటింగ్, గ్రేడింగ్ సాఫ్ట్‌వేర్) వ్యూయర్ మానిటర్ ఐసీసీని పట్టించుకోదు. పెళ్లి వీడియో గ్రేడ్ చేసేటప్పుడు (రంగులు సర్దేటప్పుడు) డెక్‌లింక్ లాంటి వీడియో అవుట్‌పుట్ కార్డు నుంచి వేరే మానిటర్‌కి తీసుకుని, ఆ మానిటర్‌కి కొలిచి చేసిన 3డీ ఎల్‌యూటీ (రంగులు మార్చే పట్టిక) వేయాలి. డిస్‌ప్లేకాల్ ఆ ఎల్‌యూటీ కూడా తయారు చేస్తుంది. లక్ష్యం రెక్ 709 (హెచ్‌డీ టీవీ రంగుల ప్రమాణం), మసక గదిలో గామా 2.4, తెలుపు 100 క్యాండెలాలు. థియేటర్ లెక్క వేరు, అక్కడ గామా 2.6, తెలుపు 48.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ · హన్మకొండ

చేసిన. బ్రైట్‌నెస్ 24 దగ్గరికొస్తే 110 క్యాండెలాలు వచ్చింది, మొదట మరీ మసకగ అనిపించింది గాని ఇప్పుడు అలవాటైంది. వెరిఫైల సగటు 0.6. ఆల్బమ్ మొత్తం పంపకుండ ఒక్క షీట్ అచ్చు వేయించిన. చీకటి పోయింది, డెకరేషన్ పూలు కనబడుతున్నయి. చీర ఎరుపు ఎరుపుగనే వచ్చింది. కుంకుమ దగ్గర మాత్రం ఇంకా కొంచెం తగ్గినట్టున్నది.

ఇంకో డౌట్. పాత మానిటర్ గూడ అదే పరికరంతో చేసిన. రెండింటి తెలుపు కొలతల ఒక్కటే అంటున్నది, కంటికి మాత్రం పాతది పసుపుపచ్చగ కొడుతున్నది. ఏ లెక్క నమ్మాలె?

కెర్నల్_తెలుగు · డల్లాస్

మీ కన్నే నమ్మండి. పరికరం లెక్క వేసేది 1931లో సీఐఈ స్థిరపరచిన సగటు మనిషి కంటితో. రెండు బ్యాక్‌లైట్ల వెలుగు కూర్పు వేరు కాబట్టి అంకెలు కలిసినా మీ కంటికి కలవాలని లేదు. ముఖ్యమైన మానిటర్‌ని అలాగే ఉంచండి. పాతదాని గెయిన్లు కంటితో సర్ది మొదటిదానికి దగ్గర చేయండి, ఆ తర్వాత డిస్‌ప్లేకాల్‌లో వైట్ పాయింట్ "యాజ్ మెజర్డ్" పెట్టి ప్రొఫైల్ చేయండి. విండోస్‌లో "కలర్‌సీపీఎల్" తెరిచి ఏ మానిటర్‌కి ఏ ప్రొఫైల్ డిఫాల్ట్ అయిందో ఒకసారి చూడండి, డ్రైవర్ అప్‌డేట్ తర్వాత అవి తారుమారవుతుంటాయి. రెండూ ఎక్స్‌టెండ్‌లో ఉండాలి, డూప్లికేట్‌లో వద్దు.

బెజవాడ_రీటచ్ · విజయవాడ

కుంకుమ దగ్గర ఆ కాస్త తేడా కాగితానిది. ల్యాబ్‌వాళ్లని వాళ్ల పేపర్ ఐసీసీ అడగండి, చాలామంది ఇస్తారు. వ్యూ మెనూలో ప్రూఫ్ సెటప్ దగ్గర దాన్ని ఎంచుకుంటే షీట్ ఎలా వస్తుందో ముందే కనబడుతుంది. గామట్ వార్నింగ్ ఆన్ చేస్తే కాగితం అందుకోలేని చోట్లు బూడిదగా మెరుస్తాయి. అక్కడ సాచురేషన్ కొంచెం దించితే కుంకుమలో గింజలు, చీరలో జరీ పక్క మడతలు మళ్లీ విడివిడిగా వస్తాయి. ఆ ప్రొఫైల్ చూసుకోవడానికే, పంపే ఫైలు మాత్రం ఎస్‌ఆర్‌జీబీలోనే ఉంచండి, వాళ్లు వేరేలా అడిగితే తప్ప.

గోదారి_క్లిక్స్ · రాజమహేంద్రవరం

ఇదంతా చదివాక నా మానిటర్ కూడా కొలిపించుకోవాలనిపిస్తోంది. ఎన్నాళ్లకోసారి చేయాలండీ? ఇటువైపు పరికరం ఎవరి దగ్గరైనా ఉందా?

బెజవాడ_రీటచ్ · విజయవాడ

సీజన్‌లో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు నెలలకోసారి చాలు. విజయవాడ వస్తే నాది పట్టుకెళ్లండి, మెసేజ్ పెట్టండి. మీ మోడల్‌కి సరిపోయే సీసీఎస్ఎస్ ఏదో ముందే వెతికి దించి పెట్టుకోండి. మానిటర్‌ని ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లోనే ఉంచి ఒకసారి, యూజర్ మోడ్‌లో ఒకసారి కొలవండి. రెండు రిపోర్టులూ ఇక్కడ పెడితే మీ ఫ్యాక్టరీ మోడ్ ఎంతవరకు నిజమో అందరం చూస్తాం.